ఊలు పడనివారు అల్లిక నేర్చుకోవచ్చా?



ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయి పేరు వినగానే మనకు ఉక్కు గుర్తుకు వస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ ఉక్కు కర్మాగారాన్ని నిర్మించారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి జనం ఆ ఊరు చేరారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి.

అలాంటి ఒక తెలుగు ఇంటి అమ్మాయి, శీతాకాలం సెలవుల్లో పక్క క్వార్టరు ఆంటీ దగ్గర స్వెట్టరు అల్లడం నేర్చుకోవడానికి కూర్చుందనుకుందాం. రెండు రోజులు అల్లేసరికి వేళ్ల మీద ఎర్రటి దద్దుర్లు లేచి దురద పుట్టింది. "దీనికి ఊలు పడదమ్మా, మానిపించెయ్యండి" అన్నారు ఇంట్లో పెద్దలు. ఆ మాట నిజమేనా? ఆ అమ్మాయి అల్లిక మానుకోవలసిందేనా? ఈ పాఠంలో ఈ విషయం తెలుసుకుందాం.

ఊలు ఒకటి కాదు

ఉక్కు అంతా ఒకటి కాదని భిలాయి పిల్లలకు తెలుసు. రైలు పట్టాల ఉక్కులో ఇనుముతో పాటు కార్బన్, మాంగనీసు ముఖ్యం. వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది, కొన్ని రకాలలో నికెల్ కూడా ఉంటుంది. పేరు ఒకటే అయినా గుణాలు వేరు. ఊలు సంగతి కూడా అంతే.

అసలైన ఊలు గొర్రె ఉన్ని. అది కెరటిన్ అనే ప్రోటీనుతో తయారవుతుంది. మన జుట్టు, గోళ్లు కూడా కెరటినే. అయితే దుకాణంలో మనం "ఊలు ఉండ" అని కొనేది చాలాసార్లు ఉన్ని కాదు, ఆక్రిలిక్ అనే కృత్రిమ దారం. అందుచేత "ఊలు పడదు" అనేముందు చేతిలో ఉన్నది ఊలేనా అని చూడాలి.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. పెద్దవారి సమక్షంలో, దగ్గర నీళ్లు ఉంచుకుని, అంగుళం దారాన్ని పటకారుతో పట్టి మంటకు చూపండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్లతో నలిపితే పొడి అయితే అది ఉన్ని. కాగితం కాలిన వాసన వస్తే నూలు. కరిగిపోయి, చల్లారాక గట్టి నల్లటి పూసలా మిగిలితే ఆక్రిలిక్ వంటి కృత్రిమ దారం. కరిగిన దారం చర్మానికి అంటుకుని కాలుస్తుంది, కనుక బాగా చల్లారేవరకు ముట్టుకోకూడదు.

గుచ్చుకోవడం వేరు, పడకపోవడం వేరు

ఉన్ని తగిలితే దురద ఎందుకు వస్తుంది? ముఖ్య కారణం పోగు మందం. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. ఉన్ని పోగు 30 మైక్రాన్లకు మించి ఉంటే దాని కొస చర్మానికి తగిలినప్పుడు వంగదు, గుచ్చుకుంటుంది. సన్నని పోగు వంగిపోతుంది. పోగు వంగకుండా నిలిచే శక్తి దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మందం రెట్టింపు అయితే ఆ శక్తి 16 రెట్లు అవుతుంది. తెలంగాణ గొంగడి ఒంటికి గుచ్చుకోవడానికీ, 20 మైక్రాన్ల మెరినో ఉన్ని మెత్తగా ఉండడానికీ తేడా ఇదే.

ఇలా గుచ్చుకోవడం అలర్జీ కాదు. అలర్జీలో శరీరంలోని రక్షణ వ్యవస్థ ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. గత నూరేళ్ల అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష 2017లో ఒక చర్మవైద్య పత్రికలో వెలువడింది. ఉన్ని పోగే అలర్జీ కలిగిస్తుందనడానికి తగిన ఆధారం లేదని, ముతక పోగుల రాపిడే ప్రధాన కారణమని అందులో తేల్చారు. తామర వంటి పొడిచర్మం ఉన్నవారిని ఈ రాపిడి మరింత బాధిస్తుంది.

ఈ రెండింటినీ గుర్తించడానికి కాలం మంచి ఆధారం. గుచ్చుకునే దురద తగిలిన కొద్ది నిమిషాలలోనే మొదలై, తీసేస్తే తగ్గుతుంది. తాకిడి వల్ల కలిగే అలర్జీ సాధారణంగా కొన్ని గంటల నుంచి రెండు రోజుల తరువాత బయటపడి, రోజుల తరబడి ఉంటుంది.

అసలు దోషి ఎవరు?

అలర్జీయే అయితే ఈ నాలుగింటిని అనుమానించాలి.

మొదటిది లానోలిన్. ఇది గొర్రె చర్మం నుంచి ఊరి ఉన్నికి పట్టే జిడ్డు. కొన్ని క్రీములలో, లేపనాలలో కూడా వాడతారు. అవి రాసుకున్నప్పుడు కూడా దద్దుర్లు వస్తుంటే దీనిని అనుమానించవచ్చు.

రెండవది దారానికి వేసిన రంగులు, మెరుగు కోసం పూసిన రసాయనాలు.

మూడవది నికెల్. పూత పోయిన పాత లోహపు సూదులు చేతిలో చాలాసేపు ఉంటే నికెల్ పడనివారికి వేళ్ల మీద దద్దుర్లు వస్తాయి. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడేవారు ఈ సంగతి గమనించాలి.

నాలుగవది పెట్టెలోని దుమ్ము, కలరా ఉండల ఘాటు. ఏడాదిపాటు పెట్టెలో దాచిన ఊలు తీయగానే తుమ్ములు వస్తే తప్పు ఊలుది కాకపోవచ్చు.

ఆయాసం, పెదవుల వాపు, ఒళ్లంతా దద్దుర్లు వంటివి కనబడితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. మామూలు దద్దుర్లకు చర్మవైద్యులు ప్యాచ్ పరీక్ష చేస్తారు. అనుమానిత పదార్థాలను వీపు మీద పట్టీలతో 48 గంటలు ఉంచి, తీసిన తరువాత చూస్తారు. ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చూస్తారు.

ఏ దారం, ఏ సూది?

భిలాయి చలికి ఉన్నే కావాలని లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత తరచు 12, 13 డిగ్రీల దగ్గరకు దిగుతుంది కానీ మంచు కురిసేంత చలి ఉండదు.

ఆక్రిలిక్ దారం చవక, తేలిక. కాస్త సాగుతుంది కనుక కొత్తవారి చేతికి సులువు. అయితే చెమట పీల్చదు, వేడి ఇస్త్రీకి పాడవుతుంది, పొయ్యి దగ్గర ప్రమాదం. నూలు దారం చర్మానికి హాయి, చెమట పీలుస్తుంది. కానీ సాగదు, బరువెక్కువ. బిగించి అల్లితే వేళ్లు నొప్పి పెడతాయి. నూలుతో అల్లేవారు వదులుగా అల్లాలి, మధ్యమధ్య చేతులకు విశ్రాంతి ఇవ్వాలి.

సూదుల విషయంలో ఒక చిక్కు ఉంది. మన దుకాణాలలో సూది నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు సూది మందం 4 మిల్లీమీటర్లు, 10 నంబరుది 3.25 మిల్లీమీటర్లు. నేర్చుకునేవారికి 8 నంబరు అనుకూలం. వెదురు సూదుల మీద దారం త్వరగా జారదు, నికెల్ భయం కూడా లేదు.

మొదటి పాఠం

లేత రంగు దారం తీసుకోండి. ముదురు రంగులో లూపులు సరిగా కనబడవు. పెద్దవారి చేత సూది మీద 20 లూపులు ఎక్కించుకోండి. భిలాయి ఇళ్లలో హిందీ మాటతో లూపును ఫందా అని, మామూలు అల్లికను సీధా అని, తిరగేసి అల్లడాన్ని ఉల్టా అని అంటారు. మొదట సీధా ఒక్కటే నేర్చుకుంటే చాలు. కుడి సూదిని లూపులో ముందు నుంచి వెనక్కు గుచ్చాలి. దాని మీద దారం చుట్టాలి. ఆ దారాన్ని లూపులోంచి ఇవతలికి లాగాలి. పాత లూపును ఎడమ సూది నుంచి వదలాలి. ఇలా 40 వరుసలు అల్లితే దాదాపు చదరపు ముక్క వస్తుంది. ప్రతి వరుస చివర లూపులు లెక్కపెట్టండి. 20 కంటే తగ్గినా పెరిగినా తప్పు ఆ వరుసలోనే జరిగిందన్నమాట.

ఇప్పుడు మన అమ్మాయి సంగతి చూద్దాం. దారం కాల్చి చూస్తే నల్లటి పూస మిగిలింది. అంటే అది ఊలే కాదు. సూదులు మాత్రం పూత లేచిపోయిన పాతవి. గిల్టు కమ్మలు కూడా ఆమెకు పడవు. వైద్యుని పరీక్షలో నికెల్ అని తేలితే, ఆమె మార్చుకోవలసింది సూదులను, మానుకోవలసింది అల్లికను కాదు. ఏదైనా మనకు పడదని వదులుకునే ముందు, పడనిది ఏదో సరిగా తెలుసుకోవాలి.

అభ్యాసం: మీ ఇంట్లో "ఊలు" అని పిలిచే మూడు వస్తువుల చీటీలు చదివి, వాటిలో నిజంగా ఉన్ని ఎంత ఉందో రాసుకోండి.