నెట్ స్లో అని ప్లాన్ మార్చేస్తున్నారా? ముందు ఈ చిన్న టెస్ట్ చేయండి

హైదరాబాద్: కింద హాల్లో రౌటర్, పై అంతస్తులో పిల్లల గది. హాల్లో వీడియోలు హాయిగా నడుస్తాయి. పైన మాత్రం ఆన్‌లైన్ క్లాస్ మాటిమాటికీ ఆగిపోతుంది. గల్ఫ్ నుంచి నాన్న వీడియో కాల్ చేస్తే మాట తెగిపోతుంది. రెండు మూడు అంతస్తుల్లో ఉమ్మడిగా ఉండే ఇళ్లలో ఇది రోజూ ఉండే తంటానే.

చాలామంది వెంటనే చేసే పని 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 100కి మార్చుకోవడం. నెల బిల్లు పెరుగుతుంది కానీ పై గదిలో పరిస్థితి మారదు. ఎందుకంటే చాలాసార్లు లోపం ప్లాన్‌లో కాదు, ఇంట్లోనే ఉంటుంది.

లోపం ఎక్కడుందో ఇలా తెలుస్తుంది

ముందు ఫోన్లో మొబైల్ డేటా ఆపేయాలి. ఇంట్లో మిగతావాళ్లు కాసేపు నెట్ వాడకుండా చూసుకోవాలి. రౌటర్‌కు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి స్పీడ్ టెస్ట్ చేయాలి. అదే టెస్ట్ ఇబ్బంది ఉన్న గదిలోనూ చేయాలి.

రౌటర్ దగ్గర 45 వచ్చి, గదిలో 4 వస్తే సమస్య గోడలది, దూరానిది. అప్పుడు ప్లాన్ పెంచితే డబ్బు దండగ. రౌటర్ దగ్గరే తక్కువ వస్తే డేటా లిమిట్ అయిపోయిందేమో చూడాలి. లిమిట్ దాటితే చాలా ప్లాన్లలో స్పీడ్ బాగా తగ్గిపోతుంది. ఫైబర్ బాక్స్ మీద 'ఎల్ఓఎస్' లైటు ఎర్రగా వెలుగుతుంటే లైన్‌లోనే లోపం ఉందని అర్థం. అది కంపెనీ వాళ్లే బాగు చేయాలి.

రౌటర్ చోటు ముఖ్యం

వైరు ఎక్కడి నుంచి లోపలికి వచ్చిందో అక్కడే, గుమ్మం పక్కనో టీవీ వెనకో రౌటర్ బిగించేసి వెళ్తారు. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు, కాంక్రీట్ స్లాబ్ సిగ్నల్‌ను బాగా అడ్డుకుంటాయి. రౌటర్‌ను ఇంటి మధ్యలో, ఐదారు అడుగుల ఎత్తులో, బయటకు కనిపించేలా పెట్టాలి. ఇందుకు కొన్ని మీటర్ల వైరు ఖర్చు తప్ప పెద్దగా ఏమీ కాదు.

రెండు పేర్లు ఎందుకు?

చాలా రౌటర్లు రెండు నెట్‌వర్క్‌లు చూపిస్తాయి. ఒకదాని పేరు చివర '5జీ' అని ఉంటుంది. ఇది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్. దీని స్పీడ్ ఎక్కువ, కానీ గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. రెండోది 2.4 గిగాహెర్ట్జ్. స్పీడ్ తక్కువైనా దూరం వెళ్తుంది. రౌటర్ ఉన్న గదిలో మొదటిది, దూరపు గదుల్లో రెండోది వాడుకోవడం మేలు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నవాళ్లు టెస్ట్ కూడా 5 గిగాహెర్ట్జ్‌ మీదే చేయాలి. లేదంటే లైన్ బాగున్నా నంబర్ తక్కువగా కనిపించవచ్చు.

ఇరుకు గల్లీల్లో పక్కింటి రౌటర్లు కూడా 2.4 మీదే నడుస్తుంటాయి. అందుకే రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్‌ను 1, 6, 11లో రద్దీ తక్కువున్న దానికి మార్చి చూడాలి. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేటప్పుడు కూడా ఈ సిగ్నల్ చెడిపోతుంది.

పై అంతస్తుకు ఏం చేయాలి?

రిపీటర్ కొనేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. అందని సిగ్నల్‌ను అది ముందుకు పంపలేదు కదా. రౌటర్‌కూ ఆ గదికీ మధ్యలో, మెట్ల దగ్గర పెట్టాలి. అయినా కొంత స్పీడ్ పోతుంది. అంతకంటే నమ్మకమైన దారి కింది రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ పైకి లాగి, అక్కడ రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టడం. ఇంట్లో మూలన పడి ఉన్న పాత రౌటర్‌లో ఈ సౌకర్యం ఉంటే అదే పనికొస్తుంది.

చివరగా, పాస్‌వర్డ్ ఎంతమంది దగ్గరుందో గుర్తు చేసుకోవాలి. ఒకసారి మారిస్తే అందరి కనెక్షన్ పోతుంది, ఇంట్లోవాళ్లకు మాత్రమే మళ్లీ ఇచ్చుకోవచ్చు. ఇవన్నీ చేశాక కూడా రౌటర్ దగ్గర స్పీడ్ రాకపోతే టెస్ట్ స్క్రీన్‌షాట్లతో కంపెనీకి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబర్ రాసుకోవాలి. ప్లాన్ పెంచే ఆలోచన ఆ తర్వాతే.