సగం కప్పు... కెప్టెన్ మనవాడే!

భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా విజేత అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఎప్పుడో తాతల కాలంలో అయ్యుంటుందిలే అంటారు. నిజమే, తాతల కాలమే. కాకపోతే అప్పుడు గెలిచింది మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్లు. వాళ్లను నడిపించిన కెప్టెన్ అచ్చంగా హైదరాబాదీ... పేరు షబ్బీర్ అలీ.

1974 ఏప్రిల్ 30. థాయ్‌లాండ్ రాజధాని బ్యాంకాక్‌లో ఆసియా యూత్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఒకవైపు ఇరాన్. అంతకుముందు ఏడాదే ఈ కప్పు గెలిచి, దాన్ని నిలబెట్టుకోవడానికి వచ్చిన జట్టు. ఆ రోజుల్లో ఇరాన్ అంటే ఆసియాకంతా హడల్. వాళ్ల సీనియర్ జట్టు 1968లో, 1972లో, 1976లో వరసగా మూడుసార్లు ఆసియా కప్ ఎగరేసుకుపోయింది. 1978లో ప్రపంచకప్ కూడా ఆడింది. అలాంటి దేశపు కుర్రాళ్లకు ఎదురుగా మన కుర్రాళ్లు నిలబడ్డారు.

ఆట ముగిసింది. స్కోరు 2-2. ఇప్పుడైతే పెనాల్టీలు కొట్టించి ఎవరో ఒకర్ని విజేతగా తేల్చేవారు. అప్పుడలా చేయలేదు. రెండు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు.

సగం కప్పే కదా అని తీసిపారేయకండి. అర్ధ శతాబ్దం దాటిపోయింది. ఈ టోర్నీలో మన కుర్రాళ్లు మళ్లీ ఆ కప్పును ముట్టుకోలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే ఏడాది సెప్టెంబర్‌లో టెహ్రాన్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. మన పెద్దవాళ్ల జట్టు అక్కడ ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. చైనా అయితే ఏకంగా 7-1 తేడాతో చితక్కొట్టింది. అంటే అన్నలు తలదించుకుని వచ్చిన ఏడాదే తమ్ముళ్లు కప్పు తెచ్చారన్నమాట!

టుంకు పెట్టిన పోటీ

ఇంతకీ కుర్రాళ్లకు విడిగా ఒక ఆసియా పోటీ ఎందుకొచ్చింది? దాని వెనక మలయా తొలి ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్ ఉన్నారు. ఆయనకు రాజకీయం ఎంత ఇష్టమో ఫుట్‌బాల్ అంతకంటే ఎక్కువ ఇష్టం. 1958లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యారు. మరుసటేడే, 1959లో కౌలాలంపూర్‌లో ఈ యూత్ పోటీలు మొదలయ్యాయి. తొలి విజేత దక్షిణ కొరియా. ఇప్పుడు అండర్-20 ఆసియా కప్ అంటున్నది దాన్నే.

ఆ తొలినాళ్ల ఫలితాలు చూస్తే సరదాగా ఉంటుంది. కప్పును పంచుకోవడం అక్కడ మామూలే. 1964లో బర్మా, ఇజ్రాయెల్ పంచుకున్నాయి. 1974లో మనం, ఇరాన్. 1975లో ఇరాక్, ఇరాన్. 1976లో ఉత్తర కొరియా, ఇరాన్. మూడేళ్లు వరసగా మూడు దేశాలతో కప్పు పంచుకోవాల్సి వచ్చిందంటే ఇరాన్‌వాళ్లకు విసుగు పుట్టే ఉంటుంది.

రహీం సాబ్ బడి

షబ్బీర్ అలీ పుట్టింది 1956 జనవరి 26న. బ్యాంకాక్ ఫైనల్ నాటికి పద్దెనిమిదేళ్లు. ఆ వయసులో ఒక హైదరాబాద్ కుర్రాడు దేశపు జట్టుకు కెప్టెన్ కావడం ఇవాళ వింతగా అనిపిస్తుంది. అప్పుడు ఎవరూ వింత అనుకోలేదు. ఎందుకంటే ఆ నగరం భారత ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు లాంటిది.

ఆ పుట్టింటికి పెద్ద సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణం వచ్చింది ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. ఫైనల్లో 1-0తో ఓడించింది ఎవరిననుకున్నారు? ఇరాన్‌నే! 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చినప్పుడు జట్టులో సగం మన ఊరి పేర్లే. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్... అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఆడి పైకొచ్చినవాళ్లే. 1962లో జకార్తాలో రెండో ఆసియా స్వర్ణం. లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన మ్యాచ్ అది. అప్పటికే రహీం సాబ్‌కు ఆరోగ్యం బాగాలేదు. మరుసటేడు జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

పతకాల సంగతి అందరూ చెబుతారు. ఆయన పిల్లల కోసం పెట్టిన పోటీల గురించి చెప్పేవాళ్లు తక్కువ. నాకు అసలు గొప్ప అక్కడే కనిపిస్తుంది. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని కాలికి అతికించుకుని నలుగుర్ని తప్పిస్తూ పరుగెడితే కుదరదు. వచ్చిన బంతి వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో బలమైన కాలు వాడకూడదు. కుడికాలి వాటం పిల్లలు ఎడమకాలితోనే ఆడాలి. పంతులుగారి తెలివంటే అదీ! పెద్దయ్యాక చెప్పినా వంటబట్టని విద్యను పదేళ్ల వయసులో ఆటగా నేర్పించేశారు. అలా చేసిన పిల్లాడికి పదిహేనేళ్లు వచ్చేసరికి రెండు కాళ్లూ సమానం, కళ్లు ఎప్పుడూ సహచరుడి మీదే.

రహీం పోయేనాటికి షబ్బీర్‌కు ఏడేళ్లు. నేరుగా ఆయన దగ్గర నేర్చుకునే వయసు కాదు. కానీ ఆయన వేసిన విత్తనాలు గల్లీ గల్లీలో మొలకెత్తిన ఊళ్లో పెరిగాడు. 1970లో ఇదే బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. ఆయనదీ హైదరాబాదే. అదే జట్టులో మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. పీలే కలకత్తా వచ్చి ఆడిన 1977 నాటి మ్యాచ్‌లో మోహన్‌బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ ఇతనే. ఇలాంటి అన్నలు వీధిలో నడిచి వెళ్తుంటే చూసిన పిల్లలకు వేరే పాఠం కావాలా?

ఇక బ్యాంకాక్ వెళ్లిన కుర్రాళ్ల కోచ్ ఎవరో తెలుసా? అరుణ్ ఘోష్. బెంగాలీ. 1962 జకార్తా స్వర్ణం జట్టులో డిఫెండర్. అంటే రహీం సాబ్ ఆడించిన మనిషి. కెప్టెనేమో రహీం ఊరివాడు, కోచేమో రహీం శిష్యుడు. ఆయన పోయిన పదకొండేళ్లకు వచ్చిన ఆ సగం కప్పులో ఆయన వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి. జట్టులో బెంగాల్ కుర్రాళ్లకూ కొదవలేదు. ఒలింపియన్ పి.కె.బెనర్జీ తమ్ముడు ప్రసూన్ బెనర్జీ వాళ్లలో ఒకడు. తర్వాతి కాలంలో పార్లమెంటు సభ్యుడయ్యాడు.

మూడేళ్లు ముందొచ్చిన గెలుపు

ఇంత గెలిచాక ఏం జరిగింది? నిజం చెప్పాలంటే, పెద్దగా ఏమీ జరగలేదు. దానికి కొంత కాలం కూడా కలిసిరాలేదు. కుర్రాళ్లకు ప్రపంచ పోటీలు పెట్టాలన్న ఆలోచన 1974కి ఇంకా ఆచరణలోకి రాలేదు. ఫిఫా తొలి ప్రపంచ యూత్ ఛాంపియన్‌షిప్ 1977లో టునీషియాలో జరిగింది. ఆసియా నుంచి వెళ్లింది ఇరాక్, ఇరాన్. ఆ ఏడాది ఆసియా యూత్ పోటీల్లో ఫైనల్ ఆడింది ఆ రెండే. అంటే మన కుర్రాళ్లు అదే ఆట మూడేళ్లు ఆలస్యంగా ఆడి ఉంటే ప్రపంచ వేదిక ఎక్కేవాళ్లు! మెట్లు కట్టకముందే మేడ దాకా వెళ్లినట్టయింది వాళ్ల పరిస్థితి.

షబ్బీర్ ఆట మాత్రం ఆగలేదు. సీనియర్ జట్టుకు ఏళ్ల తరబడి ఆడాడు. కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. ఆనక కోచ్‌గానూ పేరు తెచ్చుకున్నాడు. 2011లో కేంద్ర ప్రభుత్వం ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చింది. బ్యాంకాక్ కప్పుకు, ఆ పురస్కారానికి మధ్య ముప్పై ఏడేళ్లు.

గమనించారా? పేరు కలకత్తాలో. బలరాం అంతే, హబీబ్ అంతే, నయీముద్దీన్ అంతే. ఊరు పెంచింది, కలకత్తా క్లబ్బులు ఉంచుకున్నాయి. హైదరాబాద్‌లో ఉన్న కుర్రాడికి ఆసరా పోలీసు ఉద్యోగం. బాగా ఆడితే కానిస్టేబుల్ అయినా అవుతాడన్న నమ్మకంతోనే ఇళ్లలో బూట్లు కొనిపెట్టేవారు. రానురాను ఆ నమ్మకం సడలింది. ఖాళీ స్థలాలు ఇళ్లయ్యాయి. 1983 తర్వాత మిగిలిన స్థలాల్లో వికెట్లు పాతారు. 1956-57, 1957-58ల్లో హైదరాబాద్‌కు, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన సంతోష్ ట్రోఫీ ఆ తర్వాత మళ్లీ ఇటు రాలేదు. 2024 డిసెంబర్ 31న ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగింది కానీ, ఆడింది బెంగాల్, కేరళ.

మన మెట్ట ప్రాంతం సంగతి వేరే చెప్పాలా? నందిగామలో బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి హైదరాబాద్‌లో ఉంటాం. రెడ్డిగూడెం మామిడికాయలు ఆ రోడ్డు మీదే లారీల్లో వెళ్తాయి. సినిమాలు, ఫ్యాషన్లు, బిర్యానీ అన్నీ అదే రోడ్డున ఇటొచ్చాయి. ఫుట్‌బాల్ ఒక్కటే రాలేదు. ఊళ్లో బడి వెనక వాలీబాల్ నెట్టు కనిపిస్తుంది, కబడ్డీ గీతలు కనిపిస్తాయి. గోల్‌పోస్టు కోసం వెతుక్కోవాలి. నగరంలో గల్లీ గల్లీకీ పాకిన ఆట రెండు వందల కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న మనదాకా రాలేదంటే, ఆ వైభవం ఎంత చిన్న చోట నిలబడిందో అర్థమవుతుంది. ఆ కాస్త నేలా పోగానే మొత్తం పోయింది.

దాని ఫలితం 2017లో కళ్లారా చూశాం. అండర్-17 ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. ఆతిథ్య దేశం కాబట్టి మన కుర్రాళ్లకు చోటు దొరికింది. ఏ వయసులోనైనా సరే, మగవాళ్ల ఫుట్‌బాల్‌లో ఇండియా ఫిఫా ప్రపంచకప్ ఆడటం అదే మొదలు. అక్టోబర్ 6న ఢిల్లీలో అమెరికా చేతిలో 0-3, తర్వాత కొలంబియా చేతిలో 1-2, ఘనా చేతిలో 0-4. కొలంబియా మీద జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోల్ ఒక్కటే మిగిలింది. ఇరవై ఒక్క మంది జట్టులో ఎనిమిది మంది చిన్న రాష్ట్రం మణిపూర్ వాళ్లు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కరూ లేరు. రహీం అలీ అనే కుర్రాడి పేరు చూసి మనవాడేమో అని ఆశపడ్డ వాళ్లున్నారు. అతను బెంగాల్ పిల్లాడు. మ్యాచ్‌లు ఆరు నగరాల్లో పెట్టారు, వాటిలోనూ హైదరాబాద్ లేదు.

అలాగని అంతా చీకటేం కాదు. మరుసటేడు, 2018 ఆగస్టులో స్పెయిన్‌లో మన అండర్-20 కుర్రాళ్లు అర్జెంటీనా అండర్-20 జట్టును 2-1తో ఓడించారు. అదీ పదిమందితో ఆడి! అవతలి జట్టు కోచ్ లియోనెల్ స్కలోనీ. నాలుగేళ్ల తర్వాత మెస్సీ జట్టుకు ప్రపంచకప్ తెచ్చిపెట్టింది ఆయనే. ఆడపిల్లల్లో నిజామాబాద్ జిల్లా తండా నుంచి బయల్దేరిన గుగులోత్ సౌమ్య సీనియర్ జట్టుదాకా ఎదిగింది. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెదే. అదే 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది.

మళ్లీ ఇరాన్

2025 నవంబర్ 30. అహ్మదాబాద్. ఆసియా అండర్-17 కప్ అర్హత పోటీల్లో ఆఖరి మ్యాచ్. గెలిస్తేనే ముందుకు. ఎదురుగా ఇరాన్. ముందు గోల్ కొట్టింది వాళ్లే. విరామానికి ముందు మన పిల్లలు పెనాల్టీతో లెక్క సరిచేశారు. రెండో సగం మొదలైన కాసేపటికే ఇంకోటి కొట్టి, చివరిదాకా కాచుకున్నారు. స్కోరు ఈసారి 2-2 కాదు... 2-1.