ప్రకటనలో ఎంత చెప్పాలి?

నాలుగేళ్ల క్రితం వేసవి సెలవుల్లో బెంగుళూరులో మా సంఘం తరఫున మూడు రోజుల కూచిపూడి శిబిరం పెట్టాం. ప్రకటన రాసింది నేనే. "తరంగం నేర్పబడును. అందరూ ఆహ్వానితులే." అంతే!

హోసూరు నుంచి ఒక తల్లి పదేళ్ల పాపను వెంటబెట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కి వచ్చింది. పాప సంచిలో ఇంట్లోని ఇత్తడి పళ్లెం కూడా ఉంది. తీరా చూస్తే, ఆ పిల్ల అడుగులు మొదలుపెట్టి ఆరు నెలలే అయింది. తరంగంలో పళ్లెం అంచుల మీద పాదాలు నిలిపి, తాళం తప్పకుండా దాన్ని కాళ్లతోనే జరపాలి. ముందు నేల మీద అడుగులు మూడు కాలాల్లోనూ కుదరాలి. లేకపోతే చీలమండ బెణుకుతుంది. అందుకని పాపను పళ్లెం ఎక్కనివ్వలేదు. మూడు రోజులూ గోడవార కూర్చుని చూసింది.

"ముందే ఒక్క మాట రాసుంటే వచ్చే ఏడు తీసుకొచ్చేదాన్ని కదా, టీచర్ గారూ!" అంది తల్లి వెళ్తూ. తప్పు నాదే.

మరుసటి ఏడు ఏ రోజు ఏ జతి, ఎన్ని ఆవృత్తాలు అంటూ రెండు పేజీలు రాశాను. చదివి చాలామంది జడిసిపోయారట. నలుగురే వచ్చారు. వాళ్లూ కాగితం చేత పట్టుకుని "టీచర్, రెండో జతి ఇంకా చెప్పలేదు" అని లెక్క అడిగారు. వాళ్ల కాలప్రమాణం నిలవడం లేదని తెలిసినా, ఆగి సరిదిద్దలేకపోయాను.

ఇప్పుడు పది వాక్యాలు రాస్తున్నాను. అడుగులు మూడు కాలాల్లో వచ్చి ఉండాలి. చేత్తో ఆదితాళం వేస్తూ జతి చెప్పగలగాలి. భరతనాట్యం నేర్చిన పిల్లలూ రావచ్చు. అరమండి పనికొస్తుంది, నడక తీరు మాత్రం వేరు. నారాయణతీర్థుల తరంగాల్లో ఒకదాని నుంచి కొంత భాగమే నేర్పుతాం. మూడు రోజుల్లో మొత్తం రాదు. పళ్లెం మేమే ఇస్తాం. కొత్తవారికి వేరే తరగతి ఉంటుంది. వేళలు, రుసుము సరేసరి. ఏ రోజు ఏమి చెప్పేదీ రాయను. అది పిల్లల పాదాలు చూశాక తేలవలసిన సంగతి.

ఇంకొకటి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి మన లిపి రాదు. కనుక అదే ప్రకటన కన్నడంలోనూ, తమిళంలోనూ వేస్తున్నాం.

హోసూరు పాప మొన్నటి వేసవిలో మళ్లీ వచ్చింది. ఈసారి పళ్లెం ఎక్కింది.

శిబిరాలు పెట్టే మన సంఘాల వారికి నా మనవి ఒక్కటే: ఎవరు రావచ్చో, ఏమి నేర్చుకుని వెళ్తారో దాచకండి. మిగతాది గురువుకు వదలండి.