టర్బో ఊపిరి వదిలే చోటు

“అన్నా, సౌండ్ తగ్గింది” అంటూ మా షెడ్డుకు బండి తెచ్చే కుర్రాళ్లే ఎక్కువ. పికప్ ఎలా ఉందని నేను అడిగితేనే ఆ సంగతి బయటికొస్తుంది. డంప్ వాల్వ్ విషయంలో నేను మొదట పట్టించుకునేది పికప్‌నే. ఆ “ఫుస్స్” శబ్దం వాల్వు చేసే పనిలో బయటికి వినిపించే భాగం మాత్రమే. ఆ పని సరిగ్గా జరగాలంటే దాన్ని అప్పుడప్పుడూ విప్పి శుభ్రం చేయాలి. వేలకు వేలు పోసి వాల్వు బిగించుకున్నవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పడం లేదు.

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చక్రాలుంటాయి. సైలెన్సర్ వైపు పోయే పొగ ఒకదాన్ని తిప్పుతుంది, రెండోది గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతాయవి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే థ్రాటిల్ పలక మూసుకుంటుంది, చక్రాలు మాత్రం ఆగవు. మధ్య పైపుల్లో ఇరుక్కున్న గాలి పోవడానికి దారి లేక వెనక్కి, తిరుగుతున్న చక్రం మీదికే తన్నుకొస్తుంది. పావురం రెక్కలు కొట్టుకున్నట్టు టపటపా వినిపించేది అప్పుడే. చక్రం వేగం పడిపోతుంది, బేరింగుల మీద భారం పడుతుంది. ఆ గాలికి పక్కదారి చూపించేదే ఈ వాల్వు.

దీని పైభాగానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి సన్న గొట్టం వస్తుంది. బూస్టులో ఉన్నప్పుడు, అంటే టర్బో గాలిని ఒత్తి తోస్తున్నప్పుడు, ఆ గొట్టంలో వచ్చే ఒత్తిడి, లోపలి స్ప్రింగ్ కలిసి వాల్వును మూసి ఉంచుతాయి. థ్రాటిల్ మూయగానే గొట్టంలో వాక్యూమ్ పుడుతుంది, పిస్టన్ పైకి లేస్తుంది, ఇరుక్కున్న గాలికి దారి దొరుకుతుంది.

ఆ గాలి ఎటు పోవాలో తెలియాలంటే ఒక బండిని చూద్దాం. మన దేశంలో స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 2004లో వచ్చింది. 1.8 టర్బో పెట్రోల్ ఇంజన్, 150 హార్స్‌పవర్. హైదరాబాద్‌లో ఇప్పటికీ దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. ఈ ఇంజన్‌లో కంపెనీ వాల్వు గాలిని బయటికి వదలదు, తిరిగి టర్బో ముందున్న పైపులోకే పంపుతుంది. దానికి కారణముంది. లోపలికొచ్చే గాలిని ఎయిర్ ఫిల్టర్ దగ్గరే సెన్సర్ కొలిచేస్తుంది, దాని లెక్క ప్రకారమే పెట్రోలు పడుతుంది. లెక్కలోకి వచ్చిన గాలిని బయటికి వదిలేస్తే పెట్రోలు ఎక్కువై గేరు మార్చేటప్పుడు బండి తడబడుతుంది, ఒక్కోసారి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. అందుకే ఈ బండికి గాలిని తిప్పి పంపే రకమే పెట్టించుకోమంటాను. శబ్దం తక్కువే, కానీ ఇంజన్ లెక్క తప్పదు.

కంపెనీ వాల్వులో రబ్బరు పొర ఉంటుంది. పొరను వేలితో పైకి నొక్కి, గొట్టం తగిలించే నోటిని ఇంకో వేలితో మూసి, నొక్కిన వేలు తీసేయండి. పొర పైనే నిలిస్తే మంచిది. కిందికి జారిపోతే చిరిగినట్టే, మార్చాల్సిందే. బయట కొని పెట్టించుకునే అల్యూమినియం వాల్వుల్లో చాలావాటికి పొర బదులు పిస్టన్ ఉంటుంది. అది చిరగదు, కానీ పట్టేస్తుంది. ఇంజన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరికి మన రోడ్ల దుమ్ము తోడై లోపల నల్లటి జిగురులా పేరుకుంటుంది.

శుభ్రం చేసేది ఇంజన్ పూర్తిగా చల్లారాకే. మూత తీసేటప్పుడు స్ప్రింగ్ ఎగిరిపడకుండా అరచేత్తో అదిమి పట్టుకోవాలి. ఓ-రింగులను విడిగా తీసి పక్కన పెట్టాలి. బ్రేక్ క్లీనర్ లోహానికే గానీ రబ్బరుకు తగలకూడదు, తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. నూలు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే చాలు. గరుకు కాగితం మాత్రం దగ్గరికే రానివ్వొద్దు. పిస్టన్ నడిచే గోడ మీద ఒక్క గీత పడినా అక్కడినుంచి బూస్టు కారుతుంది. ఆపైన వాల్వు తయారీదారు చెప్పిన గ్రీజునే పలచగా, వేలితో తుడిచినట్టు రాయాలి. మందంగా రాస్తే అదే మళ్లీ దుమ్ము పట్టే జిగురవుతుంది. బొటనవేలితో నొక్కి వదిలితే పిస్టన్ ఎక్కడా ఆగకుండా వెనక్కి రావాలి. లోపల ఆయిల్‌తో తడిసిపోయి ఉంటే మాత్రం వాల్వు కడిగి ఊరుకోకండి, బ్రీదర్‌నూ టర్బో సీళ్లనూ చూపించండి.

స్ప్రింగ్ దగ్గర చాలామంది బిగుతైనదే మంచిదనుకుంటారు. మరీ బిగుతైతే వాల్వు తెరుచుకోక ఆ టపటప మొదలవుతుంది. మరీ మెత్తనైతే ఐడిలింగ్‌లోనే వాక్యూమ్ దాన్ని లాగి తెరుస్తుంది. గాలిని బయటికి వదిలే రకం వాల్వు అలా తెరుచుకుందంటే ఫిల్టర్ కాని గాలి నేరుగా లోపలికి పోతుంది. ఫ్లైఓవర్ పనులు జరిగే రోడ్డులో, ఎండాకాలంలో ఆ గాలిలో ఏముంటుందో వేరే చెప్పాలా? పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను ఆ దుమ్ము అరగదీస్తుంది. నాకు అన్నిటికన్నా భయం దీనికే.

సన్న గొట్టాన్ని ఎవరూ చూడరు. ఇంజన్ వేడికి కొసల్లో బిరుసెక్కి, పగుళ్లిస్తుంది. మార్చేటప్పుడు గోడ మందంగా ఉన్నదే తీసుకోండి, పలచటి సిలికాన్ గొట్టం వాక్యూమ్‌కు నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది. అల్యూమినియం వాల్వు ప్లాస్టిక్‌దానికన్నా బరువు కాబట్టి పెద్ద పైపుల క్లిప్పులు కూడా వదులవుతాయి. బిగించాక ఒకసారి బాగా నడిపి, చల్లారాక మళ్లీ చూడాలి.

డీజిల్ బండికి పెట్టమని వచ్చేవాళ్లను వెనక్కి పంపేస్తాను. మామూలుగా డీజిల్‌లో కాలు తీస్తే గాలిదారి అలా మూసుకోదు, ఈ వాల్వుకు అక్కడ పని లేదు. చట్టమూ తెలిసి ఉండాలి. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి ముందే కనుక్కోండి.

పాత కంపెనీ వాల్వును మాత్రం పారేయొద్దు. పికప్ పోయి కారణం అంతుపట్టనప్పుడు దాన్ని తిరిగి బిగించి నడిపి చూడండి. బండి సర్దుకుంటే తప్పు కొత్త వాల్వులోనో, దాని స్ప్రింగ్‌లోనో ఉన్నట్టు. సర్దుకోకపోతే పైపుల్లో లీకు వెతకాలి.