సేవ్ చేశాం... సేఫేనా?

1998. అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' పని జోరుగా సాగుతోంది. ఓ రోజు కంప్యూటర్ తెరమీద వుడీ బొమ్మ టోపీ ఉన్నట్టుండి మాయమైంది. తర్వాత బూట్లు. చూస్తుండగానే వుడీ కూడా! సినిమా ఫైళ్లన్నీ ఉన్న చోట ఎవరో పొరపాటున డిలీట్ కమాండ్ కొట్టేశారు. సర్వర్ ఆపేలోపే దాదాపు 90 శాతం పని తుడిచిపెట్టుకుపోయింది. 'బ్యాకప్ ఉందిగా' అనుకుని చూస్తే గుండె గుభేలుమంది. అది నెల రోజులుగా సరిగ్గా పనిచేయడమే లేదు. ఆ సంగతి ఎవరికీ తెలీదు.

అప్పుడు గాలిన్ సుస్‌మన్‌కి ఓ విషయం గుర్తొచ్చింది. ఆమె ఆ సినిమాకి సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్. బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పనిచేస్తున్నారు. అందుకోసం ఇంట్లో పెట్టిన కంప్యూటర్లో సినిమా కాపీ ఉంది! పరుగున వెళ్లి, దాన్ని దుప్పట్లలో చుట్టి, కారులో సీటుబెల్టు పెట్టి మరీ స్టూడియోకి తెచ్చారు. ఆ తర్వాత కథను చాలావరకు మార్చి మళ్లీ తీశారనుకోండి, అది వేరే విషయం.

అంటే ఆఫీసులో పోయిన పనిని ఇంట్లో ఉన్న కాపీ కాపాడిందన్నమాట. ఇప్పుడు మనలో చాలామందిది దీనికి రివర్స్. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాం. ఆరు నెలల కష్టం డెస్క్‌టాప్ మీద 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' పేర్లతో పడుంటుంది. ఆఫీసులో దాని కాపీ ఉండదు. కీబోర్డు మీద టీ ఒలికినా, బస్సులో బ్యాగు పోయినా అంతే సంగతులు.

క్లౌడ్ ఉందిగా..?

చాలామంది ధీమా ఇదే. కానీ గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి ప్రధానంగా చేసేది సింక్. అది అద్దం లాంటిది. ఇక్కడ ఏం చేస్తే అక్కడా అదే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఫైలు డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. రాన్సమ్‌వేర్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే ఆ తాళం వేసిన ఫైళ్లే పైకి వెళ్తాయి. పాత వెర్షన్లు, ట్రాష్ ఉంటాయి నిజమే. కానీ వాటికీ గడువుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో వేసిన ఫైలు 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది.

అంతా ఒక్కచోటే పెడితే ఏమవుతుందో దక్షిణ కొరియాని అడగాలి. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీల దగ్గర మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు పని ఫైళ్లు దాచుకునే 'జీ-డ్రైవ్' కాలిపోయింది. అందులో ఉన్నది 858 టెరాబైట్ల డేటా. సైజు మరీ ఎక్కువని బయట ఇంకో కాపీ పెట్టలేదు. ఫైళ్లన్నీ జీ-డ్రైవ్‌లోనే పెట్టాలన్న నిబంధనను బుద్ధిగా పాటించినవాళ్లే ఎక్కువ నష్టపోయారు.

మూడు... రెండు... ఒకటి

దీనికి మందుగా ఓ తేలిక లెక్క ఉంది. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన '3-2-1' సూత్రం. మొత్తం 3 కాపీలు ఉండాలి. అవి 2 రకాల స్టోరేజీల్లో ఉండాలి. వాటిలో 1 వేరే ఊళ్లోనో, వేరే బిల్డింగ్‌లోనో ఉండాలి.

ఆఫీసు డేటాకి ఈ ఏర్పాటు చేయాల్సింది కంపెనీయే. అలాగని మనం చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఓ పది నిమిషాలు పెట్టి ఇవి చూసుకోండి.

డౌన్‌లోడ్స్: వన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ బ్యాకప్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివి పైకి వెళ్తాయి. డౌన్‌లోడ్స్ వెళ్లదు. ముఖ్యమైనవి అక్కడ ఉంచకండి.

హాట్‌స్పాట్: ఫోన్ డేటా అయిపోతుందని విండోస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' పెట్టుకున్నారా? అయితే వన్‌డ్రైవ్ సింక్ దానంతటదే ఆగిపోవచ్చు. కింద మూలన ఉండే మబ్బు గుర్తు వైపు రోజుకోసారి చూడండి.

ఐటీ టీమ్‌ని అడగండి: నా ల్యాప్‌టాప్ బ్యాకప్ అవుతోందా? ఎంతకోసారి? వీపీఎన్ కనెక్ట్ చేయకపోయినా అవుతుందా? రేపు ల్యాప్‌టాప్ పోతే ఎంతసేపట్లో తిరిగిస్తారు? అడగడానికి మొహమాటమొద్దు.

సొంత పెన్‌డ్రైవ్ వద్దు: భయంతో ఆఫీసు ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపుకుంటే ఉద్యోగానికే ఎసరు. అందులో కస్టమర్ల వివరాలు ఉంటే తలనొప్పి ఇంకా పెద్దది. సుస్‌మన్ ఇంట్లో కాపీ ఉన్నది పని కోసం, స్టూడియోకి తెలిసే.

తెరిచి చూశారా?

ఇవన్నీ ఉన్నా ఒక పని మిగిలే ఉంటుంది. గిట్‌ల్యాబ్ తెలుసుగా? ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సంస్థ. అక్కడి ఉద్యోగులు ఎవరింటి నుంచి వాళ్లు పనిచేస్తారు. 2017 జనవరి 31 రాత్రి ఓ ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశారు. బ్యాకప్ కోసం వాళ్ల దగ్గర ఐదు ఏర్పాట్లున్నాయి. ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు! 'బ్యాకప్ ఫెయిలైంది' అని చెప్పాల్సిన మెయిల్స్ కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఓ కాపీ దొరికింది. దాంతో బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో చేరిన డేటా మాత్రం పోయింది.

పిక్సార్‌లో, గిట్‌ల్యాబ్‌లో జరిగింది ఒకటే. బ్యాకప్ ఉందనుకున్నారు గానీ, ఎవరూ తెరిచి చూడలేదు. కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. పోయిన నెల ఫైలు ఒకటి ఎంచుకుని, 'దీన్ని బ్యాకప్ నుంచి తెచ్చివ్వండి' అని ఐటీ టీమ్‌ని అడగండి. వచ్చి, తెరుచుకుందా... హాయిగా నిద్రపోండి. రాలేదా... ఏమీ పోకముందే తెలిసినందుకు సంతోషించి, అది సరిచేసేదాకా వాళ్లని వదలకండి!