లావెక్కిన పిల్లికి ఏం పెట్టాలి? పుదుచ్చేరిలో చేప, పాలు, డ్రై ఫుడ్ లెక్కలు

పిల్లి బొద్దుగా ఉంటే చూసినవాళ్లు ముచ్చటపడతారు. పుదుచ్చేరిలో అయితే కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. సముద్రం పక్కనే ఉంది, చేపలు తిని బలిసింది అంటారు. కురిచికుప్పం, వైత్తికుప్పం వంటి మత్స్యకార పేటలు ఊళ్లోనే ఉన్నాయి. పట్టణంలో అందరూ పెద్ద మార్కెట్ అని పిలిచే గుబేర్ మార్కెట్‌లో చేపల గంపల చుట్టూ పిల్లులు తిరగడం మామూలే. కాబట్టి ఆ మాట నిజమే అనిపిస్తుంది.

కానీ గంపల దగ్గర తిరిగే ఆ పిల్లుల్లో లావుపాటివి కనిపించడం అరుదు. లావెక్కేవి ఎక్కువగా ఇంట్లో ఉండేవే. ఉడికించిన చేప ముక్కలో మాంసకృత్తులు, నీరు ఎక్కువ, కేలరీలు తక్కువ. పిల్లిని లావెక్కించేది రోజంతా గిన్నెలో నిండుగా ఉండే డ్రై ఫుడ్. దాని మీద పొద్దున పాలు, మధ్యాహ్నం చేప పులుసు కలిపిన అన్నం, సాయంత్రం బిస్కెట్ ముక్క వచ్చి చేరతాయి. పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ తర్వాత పిల్లికి శక్తి అవసరం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆపరేషన్ చేయించడం మంచిదే. తర్వాత కూడా గిన్నె కొలత పాతదే ఉంచడంతోనే చిక్కు మొదలవుతుంది.

లావు వల్ల వచ్చే నష్టం చిన్నది కాదు. స్థూలకాయం ఉన్న పిల్లులకు మధుమేహం వచ్చే ముప్పు సాధారణ పిల్లుల కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. కీళ్ల నొప్పులు వస్తాయి. మూత్ర సమస్యలు వస్తాయి. వీపు చివరికి నాలుక అందక ఒళ్లు శుభ్రం చేసుకోలేక చర్మం పాడవుతుంది.

పస్తు పెడితే ప్రాణానికే ముప్పు

లావు తగ్గించాలని తెలిశాక చాలామంది చేసే మొదటి పని తిండి ఒక్కసారిగా కోసేయడం. కొత్త ఆహారం తెచ్చి, తినకపోతే ఆకలేసినప్పుడు అదే తింటుందిలే అని వదిలేస్తారు. కుక్క విషయంలో ఈ పద్ధతి చాలావరకు గట్టెక్కవచ్చు. పిల్లి విషయంలో ఇది ప్రమాదం.

పిల్లి కొన్ని రోజులు తినకపోతే ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కణాల్లో కొవ్వు పేరుకుని కాలేయం పని తగ్గిపోతుంది. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. చిగుళ్లు, కళ్లు పచ్చబడతాయి, వాంతులు మొదలవుతాయి, తిండి చూస్తేనే మొహం తిప్పుకుంటుంది. అప్పుడు గొట్టం ద్వారా వారాల తరబడి ఆహారం ఎక్కించాల్సి వస్తుంది. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది లావుగా ఉన్న పిల్లులకే. అందుకే బరువు తగ్గించే రోజుల్లో పిల్లి 24 గంటలు ఏమీ ముట్టకపోతే మొండితనం అనుకోకుండా వెంటనే పశువైద్యుడికి చూపించాలి. కొత్త ఆహారాన్ని కూడా వారం, పది రోజుల పాటు పాతదానిలో కొంచెం కొంచెంగా కలుపుతూ పెంచాలి.

బరువు తగ్గే వేగానికీ హద్దు ఉంది. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి రెండు శాతం వరకు తగ్గితే సురక్షితం. 6 కిలోల పిల్లికి ఒక శాతం అంటే 60 గ్రాములు. ఆ లెక్కన కిలోన్నర తగ్గడానికి ఆరేడు నెలలు పడుతుంది. నెలలో సన్నబడాలని చూడటం అనవసరం, అపాయం కూడా.

ఇంతకీ పిల్లి లావుగా ఉందా?

దీన్ని తేల్చడానికి తూకం కంటే చేతులే నయం. పశువైద్యులు 1 నుంచి 9 వరకు అంకెల కొలమానం వాడతారు. 5 సరైన స్థితి. ఆపైన ఒక్కో అంకెకు సుమారు 10 శాతం అదనపు బరువు అని లెక్క. పక్కటెముకల మీద వేళ్లు మెల్లగా ఆనించినప్పుడు మన అరచేతి వెనక ఎముకలు తగిలినట్టు తగిలితే బాగున్నట్టే. నొక్కితే తప్ప తగలకపోతే కొవ్వు పట్టినట్టు. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నగా కనిపించాలి. పొట్ట కింద చర్మం కాస్త వేలాడటం చాలా పిల్లుల్లో సహజమే, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. అయితే ఒళ్లంతా చిక్కిపోతూ పొట్ట మాత్రమే ఉబ్బితే అది కొవ్వు కాకపోవచ్చు. పొట్టలో నీరు చేరడం, నులిపురుగులు, ఆపరేషన్ కాని ఆడపిల్లి అయితే చూలు వంటివి ఉండొచ్చు.

అందుకే ఆహారం మార్చే ముందు ఒకసారి పరీక్ష చేయించాలి. పుదుచ్చేరిలో కురుంబపేట్‌లోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థకు బోధనాసుపత్రి ఉంది. ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి.

రోజుకు ఎన్ని కేలరీలు?

ఒక ఉదాహరణ చూద్దాం. పిల్లి బరువు 6 కిలోలు, ఉండాల్సింది 4.5 కిలోలు. లెక్క ఎప్పుడూ ఉండాల్సిన బరువుకే కట్టాలి. విశ్రాంతిలో ఉన్న శరీరానికి కావాల్సిన శక్తిని లెక్కించే సూత్రం ప్రకారం 4.5 కిలోల పిల్లికి సుమారు 216 కిలో కేలరీలు కావాలి. బరువు తగ్గడానికి అందులో 80 శాతం, అంటే దాదాపు 173 కిలో కేలరీలతో మొదలుపెడతారు. రెండు వారాలకోసారి తూచి, తగ్గుదలను బట్టి సవరిస్తారు.

ఇది ఎంత చిన్న మొత్తమో గిన్నెలో పోసి చూస్తేనే తెలుస్తుంది. మార్కెట్‌లో దొరికే డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకు 350 నుంచి 400 కిలో కేలరీలు ఉంటాయి. 380 అనుకుంటే రోజు మొత్తానికి 45 గ్రాములు చాలు. కాఫీ కప్పుతో ఉజ్జాయింపుగా పోసేవారు పది గ్రాములు ఎక్కువ పోసినా, రోజు కోటాలో అయిదో వంతుకు మించి అదనంగా వెళ్లిపోయినట్టే. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొనడం ఖరీదైన ఆహారం కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

వెట్ ఫుడ్ లెక్క వేరు. అందులో 75 నుంచి 80 శాతం నీరే. 100 గ్రాములకు 70 నుంచి 100 కిలో కేలరీలు మాత్రమే ఉంటాయి. 85 గ్రాముల పౌచ్‌లో 64 కిలో కేలరీలు ఉన్నాయనుకుంటే, రోజుకు ఒక పౌచ్, దానితో పాటు 28 గ్రాముల డ్రై ఫుడ్ పెట్టవచ్చు. పిల్లికి కడుపు నిండినట్టుంటుంది, ఒంట్లోకి నీరూ వెళుతుంది. పిల్లులు స్వతహాగా నీళ్లు తక్కువ తాగుతాయి కాబట్టి మే నెల ఎండల్లో ఇది మరీ మేలు. ఖర్చు భరించగలిగితే లావు పిల్లికి వెట్ ఫుడ్ వాటా పెంచడమే సులువైన దారి. కాకపోతే తీరప్రాంతపు ఉక్కలో అది త్వరగా పాడవుతుంది. గిన్నెలో మిగిలింది గంట, రెండు గంటల్లో తీసేయాలి.

సంచి మీద ఏం చదవాలి?

సంచి ముందువైపు రాసే మాటల కంటే వెనకవైపు అంకెలు ముఖ్యం. డ్రై ఫుడ్ సంచి మీద 32 శాతం ప్రొటీన్, పౌచ్ మీద 9 శాతం ప్రొటీన్ అని ఉంటే మొదటిదే గొప్ప అనిపిస్తుంది. నీటిని తీసేసి చూడాలి. డ్రై ఫుడ్‌లో తేమ 10 శాతమైతే మిగిలిన 90లో 32, అంటే సుమారు 36 శాతం. పౌచ్‌లో తేమ 82 శాతమైతే మిగిలిన 18లో 9, అంటే 50 శాతం.

పిండి పదార్థాల శాతాన్ని సాధారణంగా రాయరు. ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద అని రాసే ఖనిజాలు కూడి వందలోంచి తీసేస్తే మిగిలేది అదే. 32, 10, 4, 10, 8 కూడితే 64. మిగిలిన 36 శాతం పిండి పదార్థమే. వేటాడి బతికే పిల్లి ఆహారంలో పిండి పదార్థాల నుంచి వచ్చే శక్తి రెండు శాతమే. గ్రెయిన్ ఫ్రీ అని రాసినవాటిలో బియ్యం, మొక్కజొన్న బదులు బంగాళాదుంప, బఠాణీ వేస్తారు. కేలరీలు తగ్గినట్టు కాదు. కూనల కోసం చేసే కిట్టెన్ ఫుడ్‌లో శక్తి ఎక్కువ. ఇంట్లో కూన, పెద్ద పిల్లి రెండూ ఉంటే దాని గిన్నెలోది ఇది తినకుండా చూడాలి.

బరువు తగ్గించడానికి ప్రత్యేకంగా తయారుచేసే వైద్య ఆహారాలు ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. మామూలు ఆహారాన్ని బాగా తగ్గించి పెడితే కేలరీలతో పాటు విటమిన్లు, ఖనిజాలు, ప్రొటీన్ కూడా తగ్గిపోతాయి. కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. వైద్య ఆహారంలో ఒక్కో కేలరీకి పోషకాలు ఎక్కువ, పీచు కూడా ఎక్కువ ఉండేలా చూస్తారు. బాగా లావెక్కిన పిల్లికి, అంటే 8, 9 అంకెల్లో ఉన్నదానికి, ఈ ఖర్చు పెట్టదగిందే. కాస్త బొద్దుగా ఉన్నదానికి మంచి మామూలు ఆహారాన్నే తూచి పెడితే సరిపోతుంది.

చేప, పాలు, పెరుగన్నం

చేప పెట్టవచ్చు, కానీ అదే పూర్తి భోజనం కాకూడదు. నెత్తళ్ల వంటి కొన్ని చేపల్లో పచ్చిగా ఉన్నప్పుడు థయమిన్ అనే బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. ఉడికిస్తే అది పోతుంది. కవళ్ల వంటి నూనె చేపలే రోజూ పెడితే విటమిన్ ఇ లోపించి ఒంట్లోని కొవ్వు పొరలు వాచి నొప్పి పెడతాయి. ముళ్లు తీసి, ఉప్పు కూడా లేకుండా ఉడికించిన ముక్క చిరుతిండిగా సరే. చిరుతిళ్లన్నీ కలిసి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. మన ఉదాహరణలోని పిల్లికి అది 17 కిలో కేలరీలు. చేప పులుసు మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల చేపల వేట నిషేధం ఉంటుంది. చేప ప్రియమయ్యే ఆ రోజుల్లో చేపకు అలవాటుపడ్డ పిల్లిని ఒక్కసారిగా అన్నం, పాల మీదికి మార్చే ఇళ్లున్నాయి. మారడానికి ఇష్టపడక పస్తుండే లావు పిల్లికి కాలేయం జబ్బు ముప్పు అప్పుడే ఎదురవుతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే మార్పు మొదలుపెడితే మంచిది.

పాల సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పాలా? రాయలవారు పిల్లికి పాలు పోసి పెంచమంటే వేడి పాలు పెట్టి దాన్ని జన్మలో పాల జోలికి పోకుండా చేసిన తెనాలి రామకృష్ణుడి కథ అందరికీ తెలిసిందే. కథలో మిగతావాళ్ల పిల్లులు బలిశాయి, ఆయనది బక్కచిక్కింది. ఆయన పద్ధతి క్రూరమైనదే గానీ పాలు మానిన పిల్లి సన్నబడిందన్న లెక్క తప్పేమీ కాదు. 50 మిల్లీలీటర్ల ఆవు పాలల్లో 30కి పైగా కిలో కేలరీలు ఉంటాయి, అంటే రోజు కోటాలో దాదాపు అయిదో వంతు. గేదె పాలైతే ఇంకా ఎక్కువ. పైగా పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలలోని లాక్టోజ్ అరగదు.

శాకాహార ఇళ్లలో పెరుగన్నంతో పిల్లిని పెంచాలనుకునేవారు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. పిల్లికి టారిన్ అనే పదార్థం ఆహారం నుంచే రావాలి, అది మాంసం, చేపల్లోనే ఉంటుంది. టారిన్ తక్కువైతే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని అమెరికా పశువైద్యుడు పాల్ పయన్, ఆయన సహచరులు 1987లో సైన్స్ పత్రికలో వెల్లడించారు. కంటి రెటీనా దెబ్బతింటుందని అంతకు ముందే తేలింది. పెరుగన్నం తిన్న పిల్లి లావుగా ఉండి కూడా పోషకాహార లోపంతో ఉండొచ్చు. ఇంట్లో మాంసం వండటం ఇష్టం లేకపోతే సమగ్రం, సమతుల్యం అని స్పష్టంగా రాసిన తయారీ ఆహారం కొనడమే మార్గం. చికెన్ ఉడికించి పెట్టే ఇళ్లలోనూ ఇదే లోపం మరో రూపంలో వస్తుంది. ఎముక లేని మాంసంలో కాల్షియం చాలదు. ఇంటి వంటే పెట్టాలనుకుంటే పశు పోషణ తెలిసిన వైద్యుడి చేత కొలతలు రాయించుకోవాలి.

ఇంకెవరు పెడుతున్నారు?

అన్నీ తూచి పెట్టినా బరువు కదలకపోతే లెక్క తప్పిందని కాదు, పిల్లికి ఇంకో వంటిల్లు ఉందని అనుమానించాలి. గోడలు ఆనుకున్న పాత వీధుల్లో ఒకే పిల్లికి మూడిళ్లలో మూడు పేర్లుంటాయి. పక్కింటివాళ్లతో మాట్లాడటం, మెడపట్టీకి 'డైట్‌లో ఉంది, ఏమీ పెట్టకండి' అని చిన్న చీటీ కట్టడం పనిచేస్తాయి. సొంత ఇంట్లో అమ్మమ్మకు నచ్చజెప్పడం దానికంటే కష్టం. రోజు కోటాను పొద్దున్నే తూచి డబ్బాలో పోసి, ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలని నియమం పెట్టుకుంటే గొడవ తగ్గుతుంది. దాన్ని మూడు, నాలుగు పూటలుగా పంచాలి. కొన్ని గింజలు ఇంట్లో అక్కడక్కడా దాచి వెతుక్కోనిస్తే అదే వ్యాయామం.

ఇప్పటికే జబ్బులున్న పిల్లికి ఈ లెక్కలు సొంతంగా వాడకూడదు. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి పిండి పదార్థాలు తగ్గిస్తే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది. పాత మోతాదే ఇస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మూత్రపిండాల జబ్బున్నదానికి ప్రొటీన్, ఫాస్ఫరస్ ఎంతుండాలో వైద్యుడే నిర్ణయించాలి.

4.5 కిలోలకు చేరాక పాత గిన్నెకు తిరిగి వెళ్లడం కుదరదు. రెండు వారాలకోసారి పది శాతం చొప్పున పెంచుతూ, తూకం నిలకడగా ఆగిన చోట ఆ కొలతను స్థిరపరచాలి. చాలా పిల్లులకు అది లావెక్కక ముందు తిన్న మొత్తం కంటే తక్కువే ఉంటుంది.