మూడు మూరల మెరుపు

వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక చర్మవైద్యురాలి క్లినిక్. లోపలి గదిలో మంచం పక్కన చిన్న ఫ్రిజ్ అంత యంత్రం. దాని నెత్తి మీంచి మోచేతుల్లాంటి కీళ్లతో ఒక లోహపు చెయ్యి వంగి కిందికి దిగుతుంది. ఆ చెయ్యి లోపలంతా ఖాళీ గొట్టం, ఒక్కో కీలు దగ్గర ఒక్కో అద్దం. ఇంటింటికీ ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగలో ఈ యంత్రపు వెలుగును పంపితే తీగే కాలిపోతుంది. అందుకని అద్దం మీంచి అద్దం మీదికి గాలిలోనే మళ్లించి తీసుకొస్తారు.

మంచం మీద ఇరవై ఏళ్ల అమ్మాయి. కుడి కన్ను చుట్టూ, కణత మీద, చెంప పైభాగాన బూడిద కలిపిన నీలం రంగు మచ్చ. పసితనం నుంచీ ఉందట. ఆ అమ్మాయీ, వాళ్లమ్మా సరేనంటేనే నన్ను లోపలికి రానిచ్చారు. డాక్టరమ్మ కంట్లో మత్తుచుక్కలు వేసి, రెప్ప ఎత్తి, నున్నటి స్టీలు చిప్ప ఒకటి కనుగుడ్డు మీద నెమ్మదిగా తొడిగారు. ఈ యంత్రం వదిలే కిరణం కంటికి కనబడదు, కానీ కంటి వెనకున్న రెటీనాను కాల్చేస్తుంది. మా అందరికీ రంగు కళ్లద్దాలు. పెడల్ తొక్కగానే టప్, టప్, టప్... పోపులో ఆవాలు చిటపటలాడినట్టే. సన్నటి నూగు మాడిన వాసన.

ఆ యంత్రం పూర్తి పేరు క్యూ-స్విచ్‌డ్ ఎన్‌డీ-యాగ్ లేజర్. ఆ పేరులో రెండు పుట్టుకలున్నాయి.

లేజర్ అనేదే పుట్టింది 1960 మే 16న. కాలిఫోర్నియాలోని మాలిబూలో, హ్యూస్ ప్రయోగశాలలో థియొడోర్ మైమన్ ఒక కెంపు కడ్డీ చుట్టూ ఫ్లాష్‌ల్యాంపు పెట్టి వెలిగిస్తే, కడ్డీలోంచి ఒకే రంగు ఎర్రటి వెలుగు వచ్చింది. నాలుగేళ్లకు, 1964లో, బెల్ ల్యాబ్స్‌లో జోసెఫ్ గ్యూసిక్ బృందం కెంపు స్థానంలో యిట్రియం అల్యూమినియం గార్నెట్, పొడి అక్షరాల్లో యాగ్, అనే స్ఫటికాన్ని పెట్టింది. అందులో కొద్దిపాటి నియోడిమియం (పేరులోని ఎన్‌డీ) కలిపారు. మన నవరత్నాల్లోని గోమేధికం గార్నెట్ జాతి రాయే. జనరల్ బజార్ నగల దుకాణంలో పక్కపక్కన కనిపించే కెంపూ గోమేధికమూ లేజర్ చరిత్రలో కూడా అన్నదమ్ముల్లా వచ్చాయన్నమాట. అయితే యాగ్‌ను కొలిమిలో పెంచుతారు, గనిలో తవ్వరు. నియోడిమియం కలిస్తే లేత ఊదా రంగు తేలుతుంది. దాన్నుంచి వచ్చే వెలుగు 1064 నానోమీటర్లది, అంటే ఎరుపుకు అవతల, మన చూపుకు అందని చోట ఉంటుంది.

రెండో పుట్టుక క్యూ-స్విచ్. 1961లో రాబర్ట్ హెల్వార్త్‌కు ఆలోచన వచ్చింది, మరుసటి ఏడాది మెక్‌క్లంగ్‌తో కలిసి చేసి చూపించాడు. చెరువు తూము తెలిసినవాళ్లకు ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. లేజర్ కడ్డీకి రెండు కొసల్లో అద్దాలుంటాయి. ఒక అద్దానికి వెలుగు చేరకుండా అడ్డుపెడితే, ల్యాంపు పోస్తున్న శక్తి బయటికి దారిలేక కడ్డీలోనే నిండుతుంది. కట్ట అంచు దాకా నిండాక అడ్డు ఒక్కసారి లేపేస్తారు. నిల్వంతా అయిదు నానోసెకన్లలో, అంటే సెకనులో ఇరవై కోట్ల వంతులో, బయటపడుతుంది.

ఆ శక్తి ఎంత? అర జౌల్ అనుకుందాం. యాభై గ్రాముల నిమ్మకాయ మీటరు ఎత్తు నుంచి కింద పడితే తగిలే దెబ్బ అంతే. కానీ అదే అర జౌల్ అయిదు నానోసెకన్లలో వస్తే, ఆ కాసేపూ దాని ఉరవడి పది కోట్ల వాట్లు. అంతసేపట్లో వెలుగు వెళ్లేది ఒకటిన్నర మీటరే. మోండా మార్కెట్‌లో పూలమ్మే ఆమె మూరవేసి కొలిస్తే, ఆ మెరుపు మొత్తం పొడవు మూడు మూరల మీద కొసరు.

ఇంత పొట్టి మెరుపును మొదట కోరుకున్నది వైద్యులు కాదు. దూరంగా ఉన్న లక్ష్యం మీదికి మెరుపు విసిరి, అది తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కకట్టాలంటే మెరుపు పొట్టిగా ఉండాలి. అలా క్యూ-స్విచ్ లేజర్ ఫిరంగుల దగ్గరికీ, యుద్ధ ట్యాంకుల్లోకీ రేంజ్‌ఫైండర్‌గా వెళ్లింది. 1806లో దండు విడిదిగా పేరు పెట్టించుకున్న ఊరు మా సికింద్రాబాద్. ఇప్పటికీ బోనాలప్పుడు లష్కర్ అనే పిలుస్తారు. తిరుమలగిరిలో సైన్యానికి పరికరాల విద్య నేర్పే కళాశాల ఉంది. సైన్యం పనిలో ఆరితేరిన యంత్రం అక్కడికి కాస్త దూరంలోనే ఒక ఆడపిల్ల చెంప మీద పనిచేస్తుంటే చూడటం నాకు చాలా ఇష్టంగా అనిపించింది.

చర్మం మీదికి లేజర్‌ను తెచ్చినవాడు అమెరికాలో సిన్సినాటి నగరపు చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్. 1963లోనే కెంపు లేజర్‌ను చర్మం మీద ప్రయోగించి, రంగున్న భాగాలే ఎక్కువగా దెబ్బతింటున్నాయని గమనించాడు. 1965లో క్యూ-స్విచ్ కెంపు లేజర్‌తో పచ్చబొట్టు మీద ఏమవుతుందో రాశాడు. దాదాపు అంతా ఆయన చేతిలోనే ఉంది. అయినా వైద్యలోకం ఆ దారి వదిలి, ఆర్గాన్ లేజర్, కార్బన్ డయాక్సైడ్ లేజర్ పట్టుకుంది. ఈ రెండోది మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ సృష్టి. కోతకు గొప్ప సాధనం, కానీ మచ్చనూ మంచి చర్మాన్నీ వేరుచేసి చూడలేదు. మచ్చ పోయినచోట కాలిన గుర్తు మిగిలేది.

చిక్కుముడి విప్పింది 1983లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం. రాసినవాళ్లు బోస్టన్‌కు చెందిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్. వాళ్ల మాట వంటింట్లో అర్థమయ్యేదే. వేడి ఆలుగడ్డ చాలాసేపు చల్లారదు, వేడి ఆవగింజ ఇట్టే చల్లారుతుంది. వస్తువు ఎంత చిన్నదైతే దాని వేడి అంత త్వరగా పక్కవాటికి పాకుతుంది. చర్మంలో మెలనిన్ రంగు సన్నటి రేణువుల్లో ఉంటుంది, ఒక్కోటి మైక్రాన్ లోపే. అలాంటి రేణువు సెకనులో పది లక్షల వంతు గడిచేలోగా చల్లారిపోతుంది. కనుక రంగు మాత్రమే పీల్చే వెలుగును ఎంచుకుని, ఆ వ్యవధి కన్నా ముందే దెబ్బ కొట్టేస్తే, రేణువు ఆవగింజలా పగులుతుంది, పక్కనున్న కణజాలానికి సెగ తగలదు. రేంజ్‌ఫైండర్ కోసం పుట్టిన అయిదు నానోసెకన్ల మెరుపు ఈ లెక్కకు అతికినట్టు సరిపోయింది.

అందులోనూ 1064 నానోమీటర్ల వెలుగు మన ఒంటికి మరీ ముఖ్యం. చామనఛాయ చర్మానికి పైపొరలోనే మెలనిన్ ఎక్కువ. కెంపు లేజర్ ఎర్ర వెలుగు అక్కడే చిక్కుకుని పైచర్మాన్ని కాల్చే ప్రమాదం ఉంది. యాగ్ వెలుగును పైనున్న మెలనిన్ తక్కువ పీలుస్తుంది, అది లోతుకు దిగుతుంది.

ఆ అమ్మాయి మచ్చ ఉన్నది ఆ లోతులోనే. దాని పేరు నీవస్ ఆఫ్ ఓటా. 1939లో దాన్ని వర్ణించిన జపాన్ వైద్యుడు మసావో ఓటా, కినోషితా మొకుతారో అన్న పేరుతో కవి కూడా. రంగు కణాలు ఉండాల్సిన చోట కాకుండా అడుగుపొరలో ఉండిపోతే ఈ మచ్చ వస్తుంది. ఆ కణాల్లోనిది గోధుమరంగే. దూరపు కొండలు నీలంగా కనబడ్డట్టు, లోతు వల్ల మనకు నీలంగా తోస్తుంది. ఏ పూతమందూ అంత లోతుకు అందదు. 1994లో జపాన్‌లో వతనబె, తకహషి 114 మందికి క్యూ-స్విచ్ కెంపు లేజర్ వాడి, మచ్చ పోతుందని చూపించారు. మన దగ్గర, హైదరాబాద్ వైద్యుడు సంజీవ్ ఔరంగాబాద్‌కర్ యాభైమంది భారతీయులకు యాగ్ లేజర్‌తో చేసిన చికిత్స ఫలితాలను 2008లో ప్రచురించారు. దాదాపు పూర్తిగా పోయింది 8 శాతం మందికే. 22 శాతానికి బాగా తగ్గింది, 38 శాతానికి మధ్యస్థంగా. మిగతా 32 శాతానికి ముప్పై శాతం కూడా తగ్గలేదు. కాలిన గుర్తు మాత్రం ఒక్కరికీ మిగల్లేదు. ఆ అంకెలను ఉన్నవున్నట్టు అచ్చువేసినందుకు నాకు ఆయన మీద గౌరవం.

నేను ఆ క్లినిక్‌కు వెళ్లింది మా చిన్నమ్మను తీసుకుని. ఆమెవి మంగు మచ్చలు. రెండు బుగ్గల మీదా సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకున్నాయి. అంతకుముందు ఏడాది వేరేచోట, పేరెందుకులెండి, వారానికొకటి చొప్పున పది సిట్టింగులు ఇదే రకం లేజర్ చేయించుకుంది. మొదట్లో ముఖం తేటపడింది. ఎండాకాలం రాగానే మంగు మళ్లీ వచ్చింది, మధ్యమధ్యలో చినుకులు పడ్డట్టు తెల్లచుక్కలు. “పైసలు పోతే పోయినయి, ఈ చుక్కలేందిరా?” అని అద్దం నా చేతికిచ్చి అడిగింది. నాకు జవాబు రాలేదు.

డాక్టరమ్మ చెప్పింది నాకు ఇప్పటికీ బాగా గుర్తు. “అమ్మా, మీ మచ్చకు ఈ మెషీన్ వద్దు.” ఓటా మచ్చలో రంగు ఒకచోట ఇరుక్కుని ఉంటుంది, పగలగొడితే తగ్గుతుంది. మంగులో రంగు తయారుచేసే కణాలే రేగి ఉంటాయి. ఎండ, కాన్పులప్పటి హార్మోన్లు, వంశం, అన్నీ కలిసి రేపుతాయి. రేణువులు పగిలినా కణాలు మళ్లీ తయారుచేస్తాయి. పైగా లేజర్ సెగ తగిలితే ఇంకా రెచ్చిపోవచ్చు, పదేపదే కొడితే కొన్నిచోట్ల పూర్తిగా చతికిలబడవచ్చు. ఆ చతికిలబడ్డవే చిన్నమ్మ ముఖం మీది తెల్లచుక్కలు. ఒకటే యంత్రం, ఒకటే ముఖం, మచ్చ మారితే ఫలితం తలకిందులు. బోర్డు మీద మాత్రం రెండింటికీ కలిపి ‘మచ్చలకు లేజర్’ అని రాసి ఉంటుంది. ఇది నాకు బాధ కలిగిస్తుంది. ‘తెల్లబడండి’ అని రాసిన బోర్డు చూస్తే ఇంకా బాధ, ఎందుకంటే చామనఛాయ రోగం కాదు.

చిన్నమ్మకు ఇచ్చినవి రంగు కలిపిన సన్‌స్క్రీన్, గడువు పెట్టిన ఒక పూతమందు, గొడుగు తప్పనిసరి అన్న ఆజ్ఞ. మంగును మామూలు వెలుతురు కూడా రేపుతుంది, దాన్ని ఆపేది సన్‌స్క్రీన్‌లో కలిపిన ఐరన్ ఆక్సైడ్. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ ట్యూబులు కొనుక్కుని నెలల తరబడి రాయొద్దని రెండుసార్లు చెప్పారు. అలా రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మానేసిన రోజు మంట మొదలవుతుంది.

లోపలి గదిలో టప్ టప్‌లు ఆగాయి. స్టీలు చిప్ప తీసేశాక అమ్మాయి కళ్లు తుడుచుకుని అద్దంలో చూసుకుంది. మచ్చ ఉన్నచోటే ఉంది, పైగా చుట్టూ కమిలి వాచింది. పగిలిన రేణువులను ఒంట్లోని భక్షక కణాలు మింగి ఎత్తుకుపోవాలి, వాటికి వారాలు, నెలలు పడుతుంది. వాళ్లమ్మ ఏదో అడగబోయి ఆగింది. దీపావళికి ఇంకా రెండు రోజులుంది.

“సంక్రాంతి దాటాక తీసుకురండి,” అన్నారు డాక్టరమ్మ, బుగ్గ మీద ఐసు ముక్క ఆనిస్తూ.